పైన కచేరీ, కింద చెరసాల: జకార్తా చరిత్ర మ్యూజియంపై ఒక కేస్ స్టడీ

కోస్తా జిల్లాల్లో పాత తాలూకా కేంద్రాలకు వెళ్తే చాలాచోట్ల ఒకే తీరు ప్రాంగణం కనిపిస్తుంది. మధ్యలో తాసీల్దారు కచేరీ. దాన్ని ఆనుకుని ఖజానా గది, దాని ముందు ఒకప్పుడు తుపాకీతో కాపలా. వెనక ఎత్తైన ప్రహరీ లోపల సబ్‌జైలు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో శిస్తు లెక్కలు చూసే తాసీల్దారే మేజిస్ట్రేటుగా కూర్చుని కేసులు కూడా వినేవాడు. సబ్‌జైలు పెత్తనం కూడా ఆయనదే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక కొత్త ఆఫీసులు కట్టుకున్నారు, పాత ప్రాంగణాలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతూ వచ్చాయి.

అలాంటి ఒక ప్రాంగణాన్ని స్థానిక చరిత్ర మ్యూజియంగా మార్చడానికి ప్రదర్శన ప్రణాళిక రాసే పని మా చిన్న బృందం చేతికొచ్చింది. కలం పట్టుకునే ముందు, ఇలాంటి జంట భవనం మ్యూజియంగా మారి బాగా పాతబడిన చోటు ఒకటి చూడాలనుకున్నాం. కొత్తగా తెరిచిన మ్యూజియంలో అన్నీ మెరుస్తూనే ఉంటాయి. యాభై ఏళ్లు జనం తిరిగిన చోటికి వెళ్తేనే ఏ నిర్ణయం నిలబడిందో, ఏది చెమ్మ పట్టిపోయిందో తెలుస్తుంది. అందుకే జకార్తా చరిత్ర మ్యూజియాన్ని ఎంచుకున్నాను. ఒకప్పటి బతావియా (డచ్చివాళ్ల పాలనలో జకార్తా పేరు) నగర భవనం అది. పై అంతస్తులో న్యాయసభలు, కింద చెరసాల కొట్లు, ముందు శిక్షలు అమలు చేసిన మైదానం. దానితో మన తీరానికి సంబంధం ఉంది. అది వ్యాపార సంబంధమే కాదు, అంతకన్నా బరువైంది కూడా. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎవరు ఎక్కడ కూర్చున్నారు

డచ్ ఈస్టిండియా కంపెనీ 1619లో జయకర్త పట్టణాన్ని పట్టుకుని దాని మీద బతావియా కట్టింది. ఏడాది తిరగకుండానే మొదటి నగర భవనం వచ్చింది. ఆ తర్వాత రెండోది. ఇప్పుడు మనం చూస్తున్నది మూడోది. 1707లో గవర్నర్ జనరల్ యోన్ ఫాన్ హోర్న్ హయాంలో పని మొదలైంది. తర్వాతి గవర్నర్ జనరల్ అబ్రహాం ఫాన్ రీబేక్ 1710 జూలై 10న ప్రారంభించాడు. ఆమ్‌స్టర్‌డామ్ నగర భవనాన్ని చూసి దాన్ని చిన్నది చేసి కట్టినట్టు ఉంటుంది. తెల్లటి గోడలు, రెండు వరసల పెద్ద కిటికీలు, నెత్తిన గంట ఉన్న చిన్న గుమ్మటం. మొత్తం 37 గదులు.

ఈ గదుల్లో ఏం జరిగేదన్నది తెలియకపోతే మ్యూజియం సగమే అర్థమవుతుంది. నగరవాసుల తగాదాలు, నేరాలు వినే న్యాయసభ ఇక్కడ కూర్చునేది. డచ్చి పౌరులు, చైనీయులు, స్వేచ్ఛ పొందిన క్రైస్తవులు, బానిసలు అందరూ దాని ముందుకే వచ్చేవారు. కంపెనీ ఉద్యోగుల కేసులు వినే న్యాయమండలి వేరు. తల్లిదండ్రులు పోయిన పిల్లల ఆస్తిపాస్తులు చూసే కార్యాలయం ఒకటి, పెళ్లిళ్లు నమోదు చేసే కార్యాలయం ఒకటి. నేరస్తుల్ని పట్టుకునే, శిక్షలు అమలు చేయించే అధికారి మనుషులూ ఇక్కడే. అంటే పెళ్లి రాయించుకోవడానికి వచ్చిన జంట, తండ్రి ఆస్తి కోసం వచ్చిన కుర్రాడు, సంకెళ్లతో వచ్చిన ఖైదీ అందరూ ఒకే గుమ్మం తొక్కేవారు. మన కచేరీలకు అడంగల్ నకలు కోసం వచ్చిన రైతూ, పోలీసులు చేతికి తాడు కట్టి తీసుకొచ్చిన మనిషీ ఒకే వసారాలో కూర్చునేవారు కదా, అలాగే.

నగర న్యాయసభకు పేరుకు స్వతంత్రం ఉన్నా కంపెనీ పట్టు గట్టిగానే ఉండేది. వ్యాపారం చేసే సంస్థే చట్టం రాసింది, తీర్పు చెప్పింది, చెరలో పెట్టింది. న్యాయానికి గుర్తుగా చూపే కత్తి ఒకటి ఇప్పటికీ మ్యూజియంలో ఉంది. మైదానంలో మరణశిక్ష అమలు చేసేటప్పుడు పైనున్న గంట మోగించేవారు. న్యాయాధికారులు భవనం ముందు భాగంలో నిలబడి చూసేవారు.

చెరసాల కొట్లు

కొట్లు నేలమట్టానికి కాస్త దిగువన ఉన్నాయి. మందపాటి గోడల మధ్య కమాను కప్పులు. మామూలు ఎత్తు మనిషి నిటారుగా నిలబడితే తల తగులుతుంది. ఇనుప ఊచల వెనక చీకటి, నేల మీద పెద్ద పెద్ద గుండ్లు. ఖైదీలు కదలకుండా కాళ్లకు కట్టే గుండ్లని గైడ్లు చెబుతారు. మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు. లోపల వస్తువు లేదు, పలక లేదు, దీపాల హంగు లేదు. వంగి లోపలికి తొంగిచూసినవాళ్లు మాట్లాడటం మానేస్తారు. పైన మూడు గదులు చకచకా తిరిగొచ్చిన స్కూలు పిల్లలు ఇక్కడ ఆగి, ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఊచలు పట్టుకుని చూడటం గమనించాను.

ఒక సంగతి స్పష్టంగా పట్టుకోవాలి. 18వ శతాబ్దంలో చెరలో పెట్టడం చాలా కేసుల్లో శిక్ష కాదు. శిక్షలంటే కొరడా దెబ్బలు, వాత, గొలుసు పని, దేశాంతరం, ఉరి. కొట్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, అప్పు తీర్చలేనివాళ్లు. మన సబ్‌జైలూ అంతే. రిమాండు ఖైదీలు, చిన్న చిన్న శిక్షలు పడ్డవాళ్లు ఉండే చోటు. రెండు భవనాల్లోనూ చెరసాల ప్రధానంగా ఎదురుచూసే గదే. ఎదురుచూపు ఎవరి కోసం? పై అంతస్తులో కూర్చున్న మనిషి కోసం. కాబట్టి కింది కొట్టునీ పై సభనూ విడదీసి చూపిస్తే రెండూ అబద్ధమవుతాయి. కొట్టు ఒక్కటే చూపిస్తే భయం గొలిపే గుహ అవుతుంది, సభ ఒక్కటే చూపిస్తే అందమైన టేకు బల్లల గది అవుతుంది. ఆ రెంటి మధ్య ఖైదీ నడిచిన దారే అసలు చూపించాల్సింది. ఈ కేస్ స్టడీ రాయడానికి కారణం కూడా ఇదే.

19వ శతాబ్దం నడిమిలో ఇక్కడి చెరసాలను మూసి, ఖైదీలను నగరంలో మరోచోటికి మార్చారు. అప్పటికి దాదాపు నూట ముప్పై ఏళ్ల పాటు ఈ కొట్లు నిండుతూనే ఉన్నాయి.

కచేరీ చేతులు మారిన తీరు

బతావియా కాలువలు పూడి, జ్వరాలు పెరిగి, ఊరు శ్మశానమని పేరుపడింది. 1808లో వచ్చిన గవర్నర్ జనరల్ డాండెల్స్ ప్రభుత్వాన్ని దక్షిణాన ఎత్తు నేలకు తరలించాడు. సముద్రం ఒడ్డునున్న కంపెనీ కోటను పడగొట్టించాడు. నగర భవనం మాత్రం మిగిలింది. ఎందుకంటే అందులో ఇంకా ఆఫీసులు నడుస్తున్నాయి. 1913 ప్రాంతంలో నగరపాలన కొత్త చోటికి వెళ్లింది. తర్వాత 1925 నుంచి పశ్చిమ జావా ప్రాంత ప్రభుత్వం ఇందులో ఉంది. 1942లో జపాన్ సైన్యం, స్వాతంత్ర్యం తర్వాత ఇండోనేషియా సైన్యం ఒకదాని తర్వాత ఒకటి వాడుకున్నాయి. 1968లో భవనం జకార్తా నగర ప్రభుత్వం చేతికొచ్చింది.

ఇంతమంది వాడకందారులు మారడం చూస్తే మనకు విసుగ్గా అనిపించొచ్చు. కానీ ఆ భవనాన్ని బతికించింది అదే. కప్పు కారితే పెంకు మార్చడానికి ఎవరో ఒకరు ఉన్నారు. మన దగ్గర కచేరీ తాళం వేశాక రెండు వానాకాలాలు చాలు. పెంకు జారుతుంది, దూలం నానుతుంది, గోడ పగుల్లో రావి మొలుస్తుంది. మ్యూజియం నిధులు వచ్చేలోపు భవనంలో ఏదో ఒక చిన్న ఆఫీసైనా నడవనివ్వమని మేం అధికారులకు రాసిన మొదటి సూచన ఇక్కడి నుంచి తీసుకున్నదే.

మ్యూజియం ఆలోచన వెనక ఉన్నది అప్పటి గవర్నర్ అలీ సాదికిన్. 1966 నుంచి 1977 దాకా జకార్తాను పాలించాడు. 1970ల మొదట్లో భవనాన్ని బాగుచేయించి, ముందున్న మైదానాన్ని తవ్వించి చూశారు. పాత ఫౌంటెన్ పునాదులు బయటపడ్డాయి. 18వ శతాబ్దంలో యోహానెస్ రాఖ్ గీసిన చిత్రాన్ని ఆధారంగా పెట్టుకుని ఆ ఫౌంటెన్‌ను తిరిగి కట్టారు. 1974 మార్చి 30న మ్యూజియం తెరిచారు. వస్తువుల్లో ముఖ్యభాగం అదే మైదానం పక్కనున్న పాత మ్యూజియం నుంచి వచ్చింది. అది 1939లో డచ్చివాళ్లు పాత బతావియా జ్ఞాపకాల కోసం పెట్టుకున్నది. సేకరణ ఇటు మారాక ఆ భవనం తోలుబొమ్మల మ్యూజియమైంది.

ఈ వరసలోనే ఒక పెద్ద చిక్కు దాగుంది. వలస పాలకులు తమ వైభవం గుర్తుంచుకోవడానికి కూడబెట్టిన సామాన్లు, వాళ్ల కింద నలిగిన జనం చరిత్ర చెప్పాల్సిన భవనంలోకి వచ్చి చేరాయి. పెద్ద పెద్ద బీరువాలు, చెక్కడాల కుర్చీలు, పందిరి మంచాలు, గవర్నర్ల చిత్రపటాలు. పనితనం గొప్పది, కాదనను. కానీ అంత పెద్ద బీరువా ఉన్న గదిలో చూపు బీరువా మీదే ఆగుతుంది. ఆ గదిలో ఎవరు ఎవరికి ఏ తీర్పు చెప్పారన్న ప్రశ్న పుట్టదు.

అందుకే 1973లో సాదికిన్ చిత్రకారుడు సుద్జోజోనో చేత వేయించిన పది మీటర్ల వెడల్పు చిత్రం ఇక్కడ చాలా విలువైనది. 1628, 1629లలో జావాలోని మతారాం రాజ్య పాలకుడు సుల్తాన్ అగుంగ్ బతావియా మీద చేసిన దాడి దాని విషయం. సామాను డచ్చివాళ్ల కథ చెబుతున్న చోట, గోడంత చిత్రం జావా వైపు నిలబడి మాట్లాడుతుంది. సేకరణలో లేని గొంతును కొత్తగా చేయించి పెట్టారు. చిన్న మ్యూజియాలు కూడా చేయగల పని ఇది.

కాలువ తవ్వించిన రాజు

మన పాఠకులు ఆగి చూడాల్సిన రాయి ఒకటుంది. జకార్తా ఉత్తరాన తుగు అనే చోట దొరికిన శాసనానికి నకలు ఇక్కడ పెట్టారు. అసలు రాయి జాతీయ మ్యూజియంలో ఉంది. 5వ శతాబ్దం నాటిది, సంస్కృత శ్లోకాలు, పల్లవ లిపి. పల్నాడు, గుంటూరు ప్రాంతాల్లో తొలి పల్లవుల శాసనాలు చూసిన కళ్లకు ఆ అక్షరాలు కొత్తగా అనిపించవు. పశ్చిమ జావాలోని తారుమానగర రాజ్యాన్ని ఏలిన పూర్ణవర్మ గోమతి అనే కాలువను 6122 ధనువుల పొడవున 21 రోజుల్లో తవ్వించాడని, పని పూర్తయ్యాక బ్రాహ్మణులకు వెయ్యి ఆవులు ఇచ్చాడని అందులో ఉంది. ఫాల్గుణ బహుళ అష్టమినాడు మొదలుపెట్టి చైత్ర శుద్ధ త్రయోదశికి ముగించారట. మన పంచాంగం లెక్కలే.

జకార్తా నేల మీద దొరికిన తొలి పెద్ద రాత నీళ్ల గురించే. వరదతో ఆ ఊరు పడుతున్న పాట్లు ఇప్పటికీ వార్తల్లో చూస్తున్నాం. స్థానిక చరిత్ర మ్యూజియానికి ఇంతకన్నా మంచి మొదటి గది దొరకదు. రాజుల జాబితాతో మొదలుపెట్టకుండా, ఈ ఊరికి ఏ బాధ ఎప్పటినుంచీ ఉందో అక్కడ మొదలుపెట్టొచ్చు. మేం పనిచేస్తున్న ఊళ్లో అలాంటి బాధ తుఫాను. మొదటి గది దానికే రాశాం.

ఎవరి కొట్టు?

జైలు మ్యూజియం అనగానే అందరూ అడిగేది ‘ఇక్కడ ఎవరెవరు ఉన్నారు?’ అని. జకార్తాలో వినిపించే మొదటి పేరు దీపనెగారా. 1825 నుంచి 1830 దాకా డచ్చివాళ్లతో జావా యుద్ధం నడిపిన రాకుమారుడు. 1830 మార్చి 28న మాగెలాంగ్‌లో చర్చలకని పిలిచి పట్టుకున్నారు. అక్కడి నుంచి బతావియాకు తెచ్చి ఈ భవనంలో ఉంచి, మే 3న ఓడెక్కించి సులవేసీకి పంపారు. 1855లో మకాసర్ కోటలోనే కన్నుమూశాడు. ఆయన్ను నేలమాళిగ కొట్లో పెట్టారనే కథ జనంలో గట్టిగా నాటుకుంది. నిజానికి ఆయన్ను ఉంచింది పై అంతస్తు గదుల్లో. వెంట భార్యా పరివారమూ ఉన్నారు. 2019లో ఆ పై గదిని దీపనెగారా గదిగా అమర్చి తెరిచారు.

ఇది మెచ్చుకోవాల్సిన పని. కొట్టు కథే జనానికి ఇష్టం, టిక్కెట్టు అమ్మేదీ అదే. అయినా ఆధారం చూపిన చోటికే కథను తీసుకెళ్లారు. అలా చేయడం వల్ల కథ బలహీనపడలేదు. గౌరవంగా కుర్చీ వేసి, కిటికీలోంచి సముద్రం వైపు చూడనిచ్చి, దేశం దాటించడం కూడా ఒక రకం చెరే. రాజవంశీకుడికి ఒక తీరు, పేరులేనివాడికి ఒక తీరు అని ఒకే భవనంలో రెండు అంతస్తులు చెబుతున్నాయి.

రెండో పేరు ఉంటుంగ్ సురపాటి. బాలి నుంచి బానిసగా వచ్చి, యజమాని కూతుర్ని ప్రేమించాడని చెరలో పడి, తప్పించుకుని, తర్వాత తిరుగుబాటు నాయకుడైనవాడు. ఈ కొట్లు చూపిస్తూ ఆయన పేరు కూడా చెబుతుంటారు. కానీ సురపాటి 1706లో మరణించాడు. ఈ భవనం పని మొదలైంది 1707లో. ఆయన చెరలో ఉంటే అంతకు ముందున్న భవనంలో ఉండాలి. జానపదానికి ఈ తేడా అక్కర్లేదు, దానికి తన దారి ఉంది. మ్యూజియానికి మాత్రం అక్కర ఉంది. మా కచేరీలో కూడా ఇలాంటి కథ తగిలింది. ఫలానా మన్యం వీరుణ్ని ఇక్కడే పెట్టారని ఊరంతా నమ్ముతారు, రికార్డుల్లో మాత్రం ఆనవాలు దొరకలేదు. కథను తీసేయొద్దు, కథగా చెప్పాలి, పక్కనే దస్త్రం ఏమంటుందో రాయాలి అని మా ప్రణాళికలో పెట్టాం. ‘ఊరి మాట’, ‘దస్త్రం మాట’ అని రెండు రంగుల పలకలు. ఊరివాళ్లకు అది చిన్నచూపుగా తోచకూడదని ఊరి మాట పలకలు వాళ్ల నోటి మాటల్లోనే రాయించాం.

మన తీరం నుంచి వెళ్లినవాళ్లు

ముందు చెప్పిన బరువైన సంబంధం ఇదీ. 1600ల మొదట్లోనే డచ్ కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం తెరిచింది. పులికాట్‌లో కోట కట్టింది. తర్వాత నరసాపురం, భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం. బందరులో వలందపాలెం పేరు ఆ రోజులదే. డచ్చివాళ్ల సమాధులు బందరులోనూ భీమిలిలోనూ ఇంకా ఉన్నాయి. మన అద్దకం బట్టలు, రంగు నూలు బతావియాకు వెళ్లి, అక్కడి నుంచి మిరియాలు, లవంగాల దీవులకు చేరేవి. ఇది పుస్తకాల్లో చదువుతాం.

బట్టల మూటలతోపాటు మనుషులూ వెళ్లారు. యుద్ధాలు, కరువులు వచ్చిన ఏళ్లలో కోరమాండల్ తీరంలో తిండికి అమ్ముడుపోయినవాళ్లను, పట్టి తెచ్చినవాళ్లను కంపెనీ కొని ఓడల్లో బతావియాకు పంపింది. 1673 లెక్కల ప్రకారం బతావియాలో సుమారు 27 వేల మంది ఉంటే, వాళ్లలో 13 వేల మందికి పైగా బానిసలు. కోరమాండల్ నుంచి, బెంగాల్, మలబారు నుంచి, బాలి, సులవేసీ నుంచి వచ్చినవాళ్లు. పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టి, చివర వచ్చిన ఊరో తీరమో తగిలించేవారు. మతం మారి స్వేచ్ఛ పొందినవాళ్లు ప్రత్యేక వర్గంగా స్థిరపడ్డారు. మిగిలినవాళ్ల పేర్లు ఎక్కడ మిగిలాయి? ఎక్కువగా కోర్టు కాగితాల్లో. పారిపోయారని, దొంగిలించారని, యజమాని మీద తిరగబడ్డారని, లేదా యజమాని కొట్టి చంపాడని. అంటే ఈ భవనంలో కూర్చున్న న్యాయసభ, దీనికి ముందున్న పాత నగర భవనాల్లో కూర్చున్న న్యాయసభ రాసిన కాగితాల్లో.

తెలుగువాళ్లుగా ఆ కొట్ల ముందు నిలబడినప్పుడు ఈ సంగతి తెలిసి నిలబడాలని నా కోరిక. ఆ చీకట్లో ఎదురుచూసినవాళ్లలో మన బందరు రేవు దాటి వెళ్లినవాళ్ల బిడ్డలూ ఉండి ఉండొచ్చు. వీరులకు గదులు వచ్చాయి, రావాలి కూడా. ఊరూ పేరూ లేకుండా పోయినవాళ్లను చెప్పడానికి మ్యూజియం ముందున్న దారి దస్త్రమే. ఆ దస్త్రాలు పోలేదు. డచ్ కంపెనీ కాగితాలు సుమారు 2.5 కోట్ల పేజీలు జకార్తా, కొలంబో, చెన్నై, కేప్‌టౌన్, హేగ్‌లలో నిలిచి ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. చెన్నైలో ఉన్నవి మనకు రాత్రి రైలు దూరంలో ఉన్నాయి. పాత డచ్చి రాత చదవగల తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందైనా తయారు కావాలి. ఏ విశ్వవిద్యాలయమైనా ఇద్దరు కుర్రాళ్లకు ఆ చదువు చెప్పిస్తే, మన తీరం చరిత్రకు ఒక తరం పాటు పని దొరుకుతుంది.

1740 అక్టోబరు సంగతి కూడా ఈ భవనం గోడల్లోనిదే. చైనీయుల మీద అనుమానంతో మొదలైన ఊచకోతలో నగరంలో సుమారు పదివేల మంది చనిపోయారని అంచనా. నగర భవనంలో బందీలుగా ఉన్న చైనీయుల్ని కూడా వదల్లేదు. చెరసాల అంటే విచారణదాకా ప్రాణానికి పూచీ ఉన్న చోటని అనుకుంటాం. ఆ పూచీ రాత్రికి రాత్రే పోయిన చోటు ఇది. మన మ్యూజియాల్లో ఇలాంటివి రాయడానికి జంకుతాం. మా సబ్‌జైల్లో ఉద్యమాల రోజుల్లో జరిగిన ఒక లాఠీ దెబ్బల ఘటనను ఎలా రాయాలన్న దాని మీద మా బల్ల చుట్టూ గట్టి వాదన నడిచింది. చివరికి తేదీ, ఎంతమంది, ఎవరి ఆర్డరు మీద అన్న మూడు వాక్యాలతో, ఒక్క విశేషణం కూడా లేకుండా రాశాం.

చెమ్మ

మ్యూజియం పనిలో ఎవరూ ఫొటో తీయని శత్రువు చెమ్మ. ఉత్తర జకార్తా నేల కుంగుతోంది, భూగర్భ జలం తోడేయడం దానికి పెద్ద కారణం. సముద్రం దగ్గర, వానలు ఎక్కువ, పాత ఇటుక గోడలు కింది నుంచి నీళ్లు పీలుస్తాయి. దీనికి గట్టి సాక్ష్యం ఇదే మ్యూజియంలో ఉంది. 1970ల్లో హరిజాది సుమోదిజోజో ఒక గది గోడల మీద 1880, 1920 మధ్య నాటి బతావియా వీధి జీవితాన్ని కుడ్యచిత్రంగా వేయడం మొదలుపెట్టాడు. బొమ్మ పూర్తికాలేదు, వేసినంత మేరా చెమ్మకు పాడైంది. సుద్జోజోనో చిత్రం కాన్వాసు మీద వేసింది కాబట్టి గోడతో పని లేకుండా నిలిచింది. ఒకే కాలంలో, ఒకే భవనం కోసం వేసిన రెండు పెద్ద చిత్రాల గతి ఇలా వేరైంది. పాత గోడ మీద నేరుగా ఏదీ వేయొద్దు, అతికించొద్దు అని మా కాంట్రాక్టులో మొదటి షరతుగా రాయడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలింది.

మా సబ్‌జైలు గోడ దగ్గరికొస్తే, గదుల లోపల నడుమెత్తు దాకా సిమెంటు పూత ఉంది. ఎప్పుడో మరమ్మతు పేరుతో వేసినది. దాని పైఅంచున తెల్లటి ఉప్పు పూసింది. వేలితో రాస్తే పిండిలా రాలుతుంది, దాని వెనక ఇటుక కూడా గుల్లబారి రాలుతుంది. సున్నం గోడకు ఊపిరాడుతుంది, లోపలి తడి బయటికి ఆరిపోతుంది. సిమెంటు వేస్తే తడికి దారి మూసుకుపోయి పైకి పాకుతుంది, పూత ఆగిన చోట ఉప్పుతో సహా బయటపడుతుంది. ఆ పూత తీయించి, గోడను రెండు వేసవులు ఆరనిచ్చి, గానుగ సున్నంతో మళ్లీ పూయాలి. రెండు వేసవులంటే ప్రారంభోత్సవం తేదీ అడిగేవాళ్లకు నచ్చదు. అయినా గోడ ఆరకుండా గ్యాలరీ పెడితే, మూడో ఏడు పలకలన్నీ ఉబ్బి ఊడతాయి.

జకార్తాలో నాకు బాగా నచ్చిన చిన్న ఏర్పాటు ఒకటి చెప్పాలి. టేకు చెక్కల అంతస్తు అరిగిపోకుండా, పెద్ద మరమ్మతుల తర్వాత సందర్శకుల బూట్లు సంచిలో పెట్టించి, మ్యూజియం చెప్పులు ఇచ్చారు. నేల కూడా ప్రదర్శన వస్తువే అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండా అందరికీ అర్థమయ్యే పద్ధతి.

మా ప్రణాళికలో ఏం మారింది

వెళ్లక ముందు మా నక్షాలో సబ్‌జైలు ‘చివరి ఆకర్షణ’. కచేరీ గదుల్లో వ్యవసాయ పనిముట్లు, నాణేలు, ఫొటోలు చూసి, చివర జైలు కొట్లలో సెల్ఫీ తీసుకుని బయటికి. ఇప్పుడు దారి తిరగేశాం. సందర్శకుడు సబ్‌జైలు గేటులోంచే లోపలికొస్తాడు. రిమాండు కొట్టు, ములాఖత్ కిటికీ, అక్కడి నుంచి పెరటి దారి గుండా కచేరీ వెనక గుమ్మం, తాసీల్దారు కోర్టు గది. బోను ఉన్న చోట నిలబడి బల్ల వైపు చూడాలి. ఆ తర్వాతే బల్ల వెనక్కి వెళ్లి, శిస్తు లెక్కలు, భూమి పటాలు, ఖజానా. పాలించినవాడి కుర్చీ దగ్గరికి పాలితుడి వైపు నుంచి నడిచి వెళ్లడం. ఆ పెరటి దారిని తర్వాతెప్పుడో కట్టిన మరుగుదొడ్లు మూసేశాయి. వాటిని తీయించడానికి అనుమతి అడిగాం.

ములాఖత్ కిటికీ సంగతి నక్షాల్లో లేదు. ఆ ఊళ్లోనే ఉంటున్న రిటైర్డ్ వార్డరు గారు చెప్పారు. గోడ మీద చెయ్యి పెట్టి, “ఇక్కడమ్మా, ఈ సిమెంటు కింద. బువ్వ క్యారేజీ ఇటునుంచే తీసుకునేవాణ్ని. ముసలమ్మలు చెయ్యి దూర్చి కొడుకు మొహం తడిమేవాళ్లు” అన్నారు. “తెరిపించమంటారా బాబాయ్ గారూ?” అంటే, “తెరిపించు తల్లీ, కానీ ఊచ మాత్రం తీయకు” అన్నారు. పూత తీసి చూస్తే కిటికీ చట్రం, రెండు ఊచలు దొరికాయి.

కొట్లు ఖాళీగానే వదులుతున్నాం. బొమ్మ ఖైదీలు వద్దు, ఏడుపుల రికార్డింగు వద్దు, డబ్బు కట్టి ఒకరోజు జైల్లో ఉండే వినోదం అసలే వద్దు. కావాల్సింది పేర్లు. సబ్‌జైళ్లలో రాకపోకల రిజిస్టరు ఉండేది. పేరు, తండ్రి పేరు, ఊరు, నేరం, వచ్చిన తేదీ, పోయిన తేదీ, ఒంటి మీద గుర్తులు. మా ప్రాంగణానివి ఎన్ని సంపుటాలు మిగిలాయో తేల్చుకోవడానికి జిల్లా రికార్డు గదిలో వెతుకులాట మొదలైంది. బయటపడ్డ మొదటి మూటలో చెద తిన్న అంచులతో కొన్ని వరసలు చదవడానికి వీలుగా ఉన్నాయి. ఎక్కువగా సారా, ఉప్పు, అడవి కర్ర, శిస్తు బాకీ తగాదాల కేసులు. వంశస్తులు ఇంకా ఊళ్లోనే ఉండొచ్చు కాబట్టి, వందేళ్లు దాటిన వరసలే గోడ మీదికి వస్తాయి, అవి కూడా ఊరి పెద్దలతో, ఆ కులాల సంఘాలతో మాట్లాడాకే. స్కానింగు ఈ వేసవిలోనే పూర్తిచేయాలి. రికార్డు గది కప్పు ఇంకో వానాకాలం ఆగేలా లేదు.